జూలియన్ బ్రీమ్‌లా గిటార్ కచేరీలతోనే బతకడం ఇప్పుడు కుదురుతుందా?

గోదారిగట్టు (రాజమండ్రి)

అందరికీ నమస్కారం. మా తమ్ముడు హైదరాబాద్‌లో బీటెక్ ఆఖరి సంవత్సరం. కొన్నేళ్లుగా క్లాసికల్ గిటార్ నేర్చుకుంటున్నాడు, అంటే నైలాన్ తీగల గిటార్, పిక్ లేకుండా గోళ్లతో మీటేది. ట్రినిటీ సంగీత పరీక్షల్లో ఆఖరిదైన గ్రేడ్ 8 పాసయ్యాడు. ఇప్పుడు క్యాంపస్ ఇంటర్వ్యూలకు కూర్చోను, యూరప్ వెళ్లి మ్యూజిక్‌లో మాస్టర్స్ చేసి కచేరీలు చేసుకుంటూ తిరుగుతాను అంటున్నాడు. నాన్నకు ఒకటే టెన్షన్. వాడి నోట ఎప్పుడూ ఇంగ్లండ్ గిటారిస్టు జూలియన్ బ్రీమ్ పేరే. ఆయన గిటార్ ఒక్కదాన్నే నమ్ముకుని దేశదేశాలు తిరిగాడు కదా, నేనెందుకు తిరగలేను అంటాడు. ఆయన జీవితం నిజంగా ఎలా గడిచింది, ఆ దారి ఇప్పుడూ ఉందా, తెలిసినవాళ్లు వివరంగా రాయండి. నాన్నకు చదివి వినిపించాలి, అందుకని దాపరికం లేకుండా రాయండి.

తీగసవ్వడి (విజయవాడ)

మీ తమ్ముడు మంచి పేరే పట్టుకున్నాడు. నాకు ఈ సంగీతం మీద ప్రేమ మొదలైందే బ్రీమ్ రికార్డులతో, కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

బ్రీమ్ 1933లో లండన్‌లోని బాటర్సీలో పుట్టాడు. తండ్రి కమర్షియల్ ఆర్టిస్టు, ఇష్టం కొద్దీ జాజ్ గిటార్ వాయించేవాడు, పిల్లాడికి మొదట గిటార్ చేతికిచ్చింది ఆయనే. 1947లో చెల్టెన్‌హామ్‌లో మొదటి కచేరీ చేసేనాటికి బ్రీమ్‌కి 13 ఏళ్లు. రాయల్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్‌లో చేరాడు కానీ అక్కడ గిటార్ నేర్పేవాళ్లే లేరు, పియానో, చెల్లో, కంపోజిషన్ చదవాల్సి వచ్చింది. పైగా గిటార్‌ను కాలేజీలోకి తీసుకురావద్దని పైవాళ్లు చెప్పారు. ఆ దేశంలో అప్పటికి గిటార్ అంటే హోటళ్లలో, డ్యాన్స్ బ్యాండుల్లో వాయించే వాద్యం, అంతే.

1951లో లండన్ విగ్‌మోర్ హాల్‌లో వాయించాడు. అది పెద్ద మెట్టు. కానీ వెంటనే సైన్యం నుంచి పిలుపు వచ్చింది, అక్కడ అప్పట్లో కుర్రాళ్లందరికీ తప్పనిసరి, 1952 నుంచి 1955 దాకా అందులోనే పోయింది, కాకపోతే రాయల్ ఆర్టిలరీ బ్యాండ్‌లో వేశారు కాబట్టి చేతులు మొద్దుబారలేదు. బయటికొచ్చాక రేడియోకి, సినిమాలకి నేపథ్య సంగీతం వాయించి రోజులు నెట్టాడు. 1958లో మొదటిసారి అమెరికా టూర్. అక్కడి నుంచి దూరప్రాచ్యం, ఇండియా, ఆస్ట్రేలియా, పసిఫిక్ దీవులు, ఇలా 2002లో కచేరీలు మానేసేదాకా తిరిగాడు. 2020లో 87 ఏళ్ల వయసులో పోయాడు.

మీ నాన్నగారికి ఇందులో చదివి వినిపించాల్సిన మాట ఒకటుంది. మొదటి కచేరీకీ అమెరికా టూర్‌కీ మధ్య 11 ఏళ్లు. అసాధారణమైన ప్రతిభ ఉన్న పిల్లాడికే అంత టైం పట్టింది.

వీణాపాణి (విశాఖపట్నం)

తీగసవ్వడి గారూ, కాలేజీ సంగతి చదివి మనసు చివుక్కుమంది. తర్వాతైనా ఆ కాలేజీ వాళ్లు మారారా?

నేను వీణ నేర్పుతాను కాబట్టి నాకు ఇంకో సందేహం. మా వీణ నాదం చిన్నది, పెద్ద హాల్లో వెనక వరసకు వినపడదు. కాంటాక్ట్ మైక్ పెడితే నాదం మారిపోయిందని పెద్దలు బాధపడతారు, పెట్టకపోతే జనం లేచి వెళ్లిపోతారు. గిటార్‌కీ అదే ఇబ్బంది కదా, వెయ్యి మంది కూర్చున్న హాల్లో ఒక్క మనిషి, ఆరు నైలాన్ తీగలు. ఎలా నెట్టుకొచ్చారు?

తీగసవ్వడి (విజయవాడ)

అమ్మా, మారారు. అదే కాలేజీలో 1960 ప్రాంతంలో గిటార్ విభాగం పెట్టారు, నడపమని పిలిచింది అప్పటికి ఇరవై ఏళ్లు కూడా నిండని గిటారిస్టు జాన్ విలియమ్స్‌ను. ఈయన మెల్‌బోర్న్‌లో పుట్టాడు, లండన్‌లో పెరిగాడు. తర్వాత ఆయనా బ్రీమూ కలిసి జంటగా రికార్డులు చేశారు, కచేరీలు చేశారు.

మైక్ దగ్గర పెద్దవాళ్లంతా తలో దారి. స్పెయిన్ గిటారిస్టు సెగోవియా చివరిదాకా మైక్ ఒప్పుకోలేదు, జనమే నిశ్శబ్దంగా వినాలనేవాడు. విలియమ్స్ మాత్రం సహజంగా వినపడేలా కొద్దిగా సౌండ్ పెంచుకోవడంలో తప్పేమీ లేదన్నాడు, పైగా ఆస్ట్రేలియాలో గ్రెగ్ స్మాల్‌మన్ చేసే గిటార్‌కి మారాడు. దాని పైపలక బాగా పల్చగా ఉంటుంది, లోపల సన్నటి పుల్లలు జాలీలాగా అతికిస్తారు, అందుకే గట్టిగా పలుకుతుంది. బ్రీమ్‌కి ఆ గట్టిదనం అక్కర్లేదు, ఆయనకు రంగులు కావాలి. ఒకే స్వరాల వరసను బ్రిడ్జి దగ్గర మీటితే గీరుకున్నట్టు, సౌండ్ హోల్ దాటి మెట్ల వైపు మీటితే తేనె కారినట్టు పలికించేవాడు. ఏ రికార్డు విన్నా అర నిమిషంలో ఆయనే అని తెలిసిపోతుంది.

గ్రనాడా_రాజు (బెంగళూరు)

బ్రీమ్ అంటే నాకూ గౌరవమే, కానీ ఈ చర్చలో సెగోవియాను ఒక వాక్యంలో దాటేయడం అన్యాయం. కచేరీలతోనే బతికే గిటారిస్టు అనే జాతిని నిలబెట్టిందే ఆయన. 1893లో స్పెయిన్‌లోని లినారెస్‌లో పుట్టాడు, 1909లో గ్రనాడాలో మొదటి కచేరీ, 1987లో చనిపోయే ఏడాది కూడా వేదికెక్కాడు. 78 ఏళ్లు! మాడ్రిడ్‌లో మాన్యుయెల్ రమీరెజ్ కొట్టుకి వెళ్లి కచేరీకి ఒక మంచి గిటార్ అద్దెకివ్వమన్నాడు. ఆయన వాయించింది విని రమీరెజ్ ఆ గిటార్‌ను ఊరికే చేతిలో పెట్టేశాడు. 1912 నాటి ఆ గిటార్, తర్వాత జర్మనీలో హెర్మన్ హౌజర్ చేసిచ్చిన 1937 నాటి గిటార్, రెండూ ఇప్పుడు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉన్నాయి.

1924లో పారిస్, 1928లో న్యూయార్క్, ఓడల మీద దక్షిణ అమెరికా. స్పెయిన్‌లో అంతర్యుద్ధం వస్తే బార్సిలోనా ఇల్లు వదిలి ఉరుగ్వేలోని మాంటెవీడియోలో తలదాచుకుని అక్కడి నుంచే టూర్లు చేశాడు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో గొర్రె పేగు తీగలు దొరక్కపోతే, న్యూయార్క్‌లో ఆల్బర్ట్ అగస్టీన్ నైలాన్‌తో తీగలు చేయడం వెనక కూడా సెగోవియా ఉన్నాడు. గోదారిగట్టు గారి తమ్ముడు ఈరోజు మీటుతున్న తీగ అదే.

తీగసవ్వడి (విజయవాడ)

రాజు గారూ, ఇందులో ఒక్క మాటా కాదనను. కానీ పాటల ఎంపికలో ఆయన కొన్ని తలుపులు మూసేశాడని నా అభిప్రాయం. స్విట్జర్లాండ్ స్వరకర్త ఫ్రాంక్ మార్టిన్ 1933లో నాలుగు చిన్న రచనలు చేసి పంపితే సెగోవియా పట్టించుకోలేదు, దశాబ్దాల తర్వాత వాటిని జనంలోకి తెచ్చింది బ్రీమ్. కొత్త రచనల కోసం బ్రీమ్ వాకిళ్లు తట్టినట్టు ఇంకెవరూ తట్టలేదు. వాల్టన్, మాల్కం ఆర్నాల్డ్, హెంజె, టిప్పెట్, టకెమిత్సు, బ్రౌవర్, ఈ స్వరకర్తలందరి చేతా రాయించాడు. పేరుమోసిన స్వరకర్త స్ట్రావిన్‌స్కీ రిహార్సల్‌లో ఉంటే ల్యూట్ (గిటార్‌లాంటి పాతకాలపు యూరప్ తీగల వాద్యం) పట్టుకుని నేరుగా అక్కడికే వెళ్లి వాయించి వినిపించిన ఫిల్మ్ ఉంది, చూడండి. ఆ ముసలాయన విన్నాడు, మర్యాదగా మాట్లాడాడు, రచన మాత్రం రాలేదు. అయినా అడగడం మానలేదు ఈయన.

ఇంగ్లండ్ స్వరకర్త బెంజమిన్ బ్రిటెన్ 1963లో రాసిచ్చిన నాక్టర్నల్ అనే రచన ఒక్కటి చాలు. 1964లో ఆల్డ్‌బరాలో మొదటిసారి వాయించాడు. మామూలుగా ముందు పల్లవి లాంటి అసలు రాగం వినిపించి తర్వాత దాన్ని రకరకాలుగా తిప్పుతారు. ఇందులో ఆ మార్పులన్నీ ముందొస్తాయి, నిద్ర పట్టని మనిషి పొర్లాడినట్టు, ఉలిక్కిపడినట్టు ఒక్కొక్కటీ సాగి, అన్నీ అయ్యాక అప్పుడు మొదటిసారిగా పాతకాలపు ఇంగ్లండ్ ల్యూట్ విద్వాంసుడు డౌలండ్ 1597లో అచ్చు వేయించిన నిద్ర పాట పూర్తిగా వినపడుతుంది. ఇరవై నిమిషాలకు అటూ ఇటూ ఉంటుంది. ఈ రచన గిటార్‌కి ఉందంటే, గిటార్‌ను చులకనగా చూసిన సంగీత పండితుల నోళ్లు మూతపడ్డాయంటే, అది బ్రీమ్ పట్టుదలే.

నేను గోదారిగట్టు గారి తమ్ముడికి చెప్పేది కూడా ఇదే. నువ్వు ఎంత బాగా వాయిస్తావన్నది సగం సంగతి. నువ్వు తప్ప ఇంకెవరూ తేలేనిది ఏం తెస్తున్నావన్నది మిగతా సగం.

లీడ్స్_శ్రీను (ఇంగ్లండ్)

నేను ఇక్కడ మా ఊరి గిటార్ సొసైటీలో వాలంటీర్‌ని. కచేరీ చేసేవాళ్ల బతుకు దగ్గర్నుంచి చూస్తుంటాను, అది రాస్తాను.

సాయంత్రం కచేరీ అంటే మధ్యాహ్నం రైల్లో దిగుతారు, వీపున గిటార్ పెట్టె, చేతిలో చిన్న బ్యాగు, అంతే. హాల్లోకి రాగానే అడిగేది చేతుల్లేని కుర్చీ. తర్వాత హీటర్ గాలి ఎక్కడి నుంచి వస్తోందో చూస్తారు, ఎందుకంటే వేడి గాలి తగిలితే శ్రుతి పావుగంట కూడా నిలవదు. పోయినసారి వచ్చినావిడ ఖాళీ హాల్లో నాలుగు చోట్ల కుర్చీ వేయించి ఒక్కో చోటా అదే రెండు వాక్యాలు వాయించి చూసుకుంది, నన్ను చివరి వరసలో నిలబెట్టి ఎక్కడ బాగుందో చెప్పమంది. మంద్ర తీగలు రెండు రోజుల క్రితమే మార్చిందట, పై స్థాయి నైలాన్ తీగలు మాత్రం పాతవే, కొత్త నైలాన్ సాగుతూ శ్రుతి జారుతుంది కదా. తర్వాత ఓ మూల కూర్చుని కుడిచేతి గోళ్లు సన్నటి గరుకు కాగితంతో రుద్దుకుంటూ ఉండిపోయింది. ఒక గోరు అంచు చిట్లింది, దాని కింద పింగ్‌పాంగ్ బంతి ముక్క కత్తిరించి జిగురుతో అతికించింది. నాకు అదొక వింత, ఆవిడకు రోజూ ఉండే పనే.

కచేరీ రెండు సగాలు, అంతా కంఠస్థం, పక్కవాద్యం లేదు, పొరపాటు పడితే కప్పుకోవడానికి ఎవరూ లేరు. అయ్యాక బల్ల దగ్గర నిలబడి సీడీలు అమ్ముకుంది. రాత్రి మా సభ్యుల ఇంట్లోనే పడక. పొద్దున పిల్లలకు మాస్టర్‌క్లాస్, మధ్యాహ్నం ఇంకో ఊరికి రైలు. పేరున్న కళాకారిణే. ఇలాంటి చిన్న సొసైటీలే ఈ రంగానికి వెన్నెముక, పెద్ద హాళ్లు ఎప్పుడో గాని రావు.

లెక్కలమాస్టారు (వరంగల్)

శ్రీను గారు రాసింది చదివాక డబ్బు సంగతి ఎవరో ఒకరు రాయాలి కాబట్టి నేను రాస్తున్నా. మా అమ్మాయి అమెరికాలో ఒక కళాకారుల ఏజెన్సీలో పనిచేస్తుంది, ఆమె చెప్పినవి ఇవి.

కచేరీలు ఏడాది, రెండేళ్ల ముందే ఖరారవుతాయి. మేనేజర్ ఉంటే ఫీజులో 15 నుంచి 20 శాతం దాకా పోతుంది. విదేశీ కళాకారుడు అమెరికాలో వాయిస్తే మామూలుగా ఫీజులో 30 శాతం ముందే పన్ను పట్టుకుంటారు, తర్వాత రిటర్న్ వేసి తేల్చుకోవాలి. వీసా ఖర్చు వేరే, కళాకారులకు O లేదా P తరగతి వీసా కావాలి, దానికి లాయరు. ప్రయాణాలు, తీగలు, సాధన చేసుకోవడానికి అద్దె గది. ఇవన్నీ పోను మిగిలేదే జీతం. అందుకే ఈ రంగంలో ఎక్కువమంది ఏదో ఒక కన్సర్వేటరీలో, అంటే సంగీత కాలేజీలో, పాఠాలు చెబుతూనే కచేరీలకు తిరుగుతారు. కేవలం కచేరీల మీదే ఇల్లు గడిచేవాళ్లు ప్రపంచం మొత్తంలో చాలా కొద్దిమంది. అబ్బాయికి ఇది సూటిగా చెప్పండి.

పోటీల దారి ఒకటుంది. గిటార్ ఫౌండేషన్ ఆఫ్ అమెరికా పోటీలో మొదటి బహుమతి వస్తే డబ్బుతోపాటు పదుల కొద్దీ కచేరీల టూర్, ఒక రికార్డింగ్ ఇస్తారు. ఇటలీలో అలెసాండ్రియా, స్పెయిన్‌లో బెనికాసిమ్ పోటీలు కూడా పేరున్నవే. టూర్ అయిపోయిన మరుసటి ఏడాదే కొత్త విజేత వచ్చేస్తాడు. ఆ ఏడాదిలో పరిచయాలు పెంచుకున్నవాడే నిలబడతాడు.

కొయ్యపని (కర్నూలు)

నేను వాద్యాలు బాగుచేస్తుంటాను. ఒక సంగతి ఎవరూ చెప్పలేదు. ఈ గిటార్ల వెనక పలక, పక్క పలకలు చాలావాటికి మన దక్షిణాది రోజ్‌వుడ్డే, మన అడవుల్లో ఇరుగుడు అంటాం కదా, అది. ఒకప్పుడు బ్రెజిల్ రోజ్‌వుడ్ వాడేవారు, 1992 నుంచి దాని మీద అంతర్జాతీయంగా కఠినమైన నిషేధం వచ్చింది. పాత బ్రెజిల్ రోజ్‌వుడ్ గిటార్‌తో దేశాలు దాటాలంటే అనుమతి పత్రాలు దగ్గర ఉండాలి, లేకపోతే కస్టమ్స్‌లో చిక్కుకుపోతుంది. 2017లో అన్ని రకాల రోజ్‌వుడ్‌కీ కాగితాలు అడగడం మొదలుపెట్టారు, సంగీత ప్రపంచం మొత్తుకుంటే 2019 చివర్లో తయారైన వాద్యాలకు మినహాయింపు ఇచ్చారు, బ్రెజిల్ కర్రకి మాత్రం లేదు.

ఇంకోటి తేమ. గాలిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే కర్రకు సుఖం. వైజాగ్ ఉక్కలో బాగున్న గిటార్‌ను చలికాలం హీటర్లు వేసిన యూరప్ గదిలోకి తీసుకెళ్తే పైపలక ఎండి నిలువునా చీలుతుంది. నా దగ్గరకు అలా చీలినవి వచ్చాయి. పెట్టెలో తేమ ఇచ్చే సంచి, చిన్న మీటరు తప్పనిసరిగా పెట్టుకోమనండి. విమానంలో లగేజీలో వేయొద్దు. అమెరికా విమానాల్లో పైన అరలో చోటుంటే చిన్న వాద్యాన్ని లోపలికి రానివ్వాలని 2015 నుంచి రూలుంది, ఆ కాగితం ప్రింట్ తీసి పెట్టెలో ఉంచుకుంటే కౌంటర్ దగ్గర వాదన తగ్గుతుంది.

బ్రీమ్ అభిమానులకు ఒక మాట. ఆయన 1970ల్లో వాయించిన గిటార్ చేసిన హోసే రొమానిల్లోస్ వడ్రంగం పని నుంచి వచ్చినవాడే. బ్రీమ్ తన ఇంటి ఆవరణలోనే ఆయనకు వర్క్‌షాప్ ఇచ్చాడు. చేసేవాడూ వాయించేవాడూ పక్కపక్కనే ఉంటే ఎలాంటి వాద్యం వస్తుందో 1973 నాటి ఆ గిటార్ వింటే తెలుస్తుంది. మా పనివాళ్లకు అంతటి గౌరవం ఇచ్చిన కళాకారుడు కాబట్టి నాకు ఆయనంటే ప్రాణం.

పాలకొల్లు_వాసి

ఇంతమంది ఇన్ని రాశారు, మా ఊరి శ్రీనివాస్ పేరు ఎవరూ ఎత్తలేదేంటి? మాండలిన్ కర్ణాటక సంగీతానికి పనికిరాదు, గమకం పలకదు అన్నవాళ్ల ముందే 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో కూర్చుని వాయించాడు, అప్పటికి తొమ్మిదేళ్లు. 1983లో బెర్లిన్ జాజ్ ఫెస్టివల్. 45 ఏళ్లకే 2014లో మమ్మల్ని వదిలి వెళ్లిపోయాడు గాని ప్రపంచంలో ఆయన వాయించని పెద్ద వేదిక ఏముంది చెప్పండి. బ్రీమ్ గిటార్‌ను కాలేజీ గేటు బయట నిలబెట్టారన్న మాట చదవగానే నాకు శ్రీనివాసే గుర్తొచ్చాడు. తమ్ముడికి ఆయన రికార్డులు కూడా వినిపించండి గోదారిగట్టు గారూ.

గోదారిగట్టు (రాజమండ్రి)

అందరికీ చాలా చాలా థాంక్స్. నిన్న రాత్రి భోజనాలయ్యాక నాన్నకు మొత్తం చదివి వినిపించాను, తమ్ముడు వీడియో కాల్‌లో ఉన్నాడు. నాన్న అడిగింది ఒకటే, చేతికి ఏమన్నా అయితే? వాడి దగ్గర జవాబు లేదు. దీని గురించి ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

చేతివైద్యం (తిరుపతి)

నేను ఫిజియోథెరపిస్టుని, సంగీతకారుల చేతులు చూస్తుంటాను. మీ నాన్నగారు అడగాల్సిన ప్రశ్నే అడిగారు.

బ్రీమ్‌కి 1984లో కారు ప్రమాదంలో కుడి మోచేయి దెబ్బతింది. గిటారిస్టుకి అంతకన్నా కష్టం ఏముంటుంది? అయినా పట్టుదలతో మళ్లీ వేదికెక్కి ఇంకా చాలా ఏళ్లు వాయించాడు. అమెరికాలో డేవిడ్ లైస్నర్ అనే గిటారిస్టుకి ఫోకల్ డిస్టోనియా వచ్చింది, అంటే నొప్పి ఉండదు కానీ వేళ్లు మాట వినవు, మీటబోతే ముడుచుకుపోతాయి. ఏళ్ల తరబడి కచేరీలకు దూరమై, చేతిని వాడే పద్ధతినే మొదటి నుంచి మార్చుకుని తిరిగొచ్చాడు. మాంటెనెగ్రో నుంచి వచ్చిన గిటారిస్టు మిలోష్ కూడా చేతి గాయంతో కచేరీలు ఆపేసి మళ్లీ మొదలుపెట్టాడు. అందరికీ ఇలా తిరిగొచ్చే భాగ్యం ఉండదు.

తమ్ముడితో చెప్పండి: ఏకబిగిన గంటలు గంటలు వాయించొద్దు, అరగంట, ముప్పావుగంటకొకసారి లేవాలి. ఎడమ కాలు కింద పీట పెట్టుకుని వంగి కూర్చుంటే నడుం పోతుంది, తొడ మీద పెట్టుకునే ఆసరాలు దొరుకుతాయి, అవి వాడమనండి. తిమ్మిరి గాని, వేలు వంకర పోవడం గాని కనిపిస్తే ఆ రోజే ఆపి చూపించుకోవాలి. పోటీ దగ్గరపడిందని బిగపట్టి వాయించిన పిల్లలే నా దగ్గరకు వస్తున్నారు.

వీణాపాణి (విశాఖపట్నం)

గోదారిగట్టు, నాన్నగారు ఇంత శ్రద్ధగా విన్నారంటేనే సగం ఒప్పుకున్నట్టు అమ్మా. నాదో మాట. యూరప్ కన్నా ముందు వాణ్ణి మా ఇంటికి పంపండి. నెలకోసారి మా హాల్లో శిష్యుల చేత కచేరీ పెట్టిస్తాను, పాతిక ముప్పై మంది వస్తారు, మైక్ ఉండదు. గంటసేపు ఆపకుండా, కాగితం చూడకుండా వాయించమనండి. ఆ బ్రిటెన్ రచన నేను ఎప్పుడూ వినలేదు, వాడికి వస్తే అది కూడా.

గోదారిగట్టు (రాజమండ్రి)

అక్కా, వాడికి చెప్పాను, ఎగిరి గంతేశాడు. నాక్టర్నల్ ఇంకా సగమే వచ్చట, డౌలండ్ ల్యూట్ పాటలు, బ్రెజిల్ స్వరకర్త విల్లా-లోబోస్ ప్రెల్యూడ్‌లు వాయిస్తానన్నాడు. నాన్న కూడా వస్తానంటున్నారు. పరీక్షలు అయ్యాక వచ్చే మొదటి ఆదివారం మీకు వీలవుతుందా? చేతుల్లేని కుర్చీ ఒకటి ఉంటే చాలట.

వీణాపాణి (విశాఖపట్నం)

కుర్చీ ఉంది. ఫ్యాను మాత్రం ఆపేస్తాను, చెమట పట్టినా అలవాటు చేసుకోమను. మధ్యాహ్నం భోజనం మా ఇంట్లోనే.